ముందు ఎవరికి?

ఇళ్ళు కట్టించే సంస్థ నడుపుతున్నానని చెబితే చాలామంది సిమెంటు రేటు అడుగుతారు. ఇసుక దొరుకుతోందా అంటారు. మా పనిలో అవన్నీ తేలిక సంగతులు. గుంటూరు పక్కన మా పెదకాకాని చుట్టుపక్కలది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద గోడ నిలబెట్టడమూ తెలిసిన విద్యే. రేగడి ఎత్తేసి ఇసుక నింపాలని, ప్లింత్ బీమ్ ఎగ్గొట్టకూడదని ఇక్కడి తాపీ మేస్త్రీలు ఏ పుస్తకమూ చూడకుండానే చెబుతారు. చెమటలు పట్టించేది ఒక తెల్లకాగితం. నలభై ఇళ్ళకు డబ్బుంది, వాడలో వంద కుటుంబాలున్నాయి. కాగితం మీద మొదటి పేరు ఎవరిది?

‘అందరికంటే పేదవాళ్ళది’ అనేయడం సులువు. కానీ అందరికంటే పేదవాళ్ళకు స్థలం ఉండదు. కాలవగట్టు పోరంబోకులో పాక వేసుకున్నవాళ్ళకు పట్టా ఎక్కడినుంచి వస్తుంది? పట్టా ఉన్నా చిక్కు తీరదు. 2020లో రాష్ట్రం ఇంటికి లెక్కగట్టిన సాయం 1.80 లక్షల రూపాయలు. ఇల్లు ఆ డబ్బుతో పూర్తికాదని కట్టుకున్న ప్రతివారికీ తెలుసు. పైన పడేది తేలేని కుటుంబం బేస్‌మట్టం దగ్గర ఆగిపోతుంది, లేదా అప్పు చేస్తుంది. మేము పూర్తి ఖర్చు పెట్టుకుంటే నలభై ఇళ్ళు పాతికవుతాయి. కాస్త పెట్టుకోగలవాళ్ళను ఎంచుకుంటే లెక్క నిండుగా కనిపిస్తుంది, పాకలో ఉన్నవాళ్ళు పాకలోనే ఉంటారు. కంపెనీల సీఎస్ఆర్ నిధులు వచ్చినా, విదేశీ విరాళాలు వచ్చినా దాత మొదట అడిగేది ఒకటే: ఎన్ని ఇళ్ళు?

ఈ తలనొప్పికి మన గుంటూరులోనే ఒకాయన వేరే దారి పట్టారు. 1969 మే నెలలో కోస్తాను తుపాను దెబ్బతీశాక, బెల్జియం నుంచి వచ్చిన జెసూట్ ఫాదర్ మైకేల్ విండే గుంటూరు కేంద్రంగా విలేజ్ రీకన్‌స్ట్రక్షన్ ఆర్గనైజేషన్ మొదలుపెట్టారు. జనం వీఆర్ఓ అనేవారు. ఆయన విడి ఇళ్ళ జోలికి పోలేదు, ఊరికి ఊరే తిరిగి కట్టించాలన్నారు. అక్కడివాళ్ళు తమ కష్టం కలపాలి, అందరి ఇళ్ళూ లేవాలి. అందరికీ వచ్చేచోట ఎవరికి ముందన్న పేచీ తక్కువ. 2009లో ఆయన చనిపోయేనాటికి ఆ పద్ధతిలో వందల ఊళ్ళు లేచాయి.

ఇవాళ ఆ పద్ధతి యథాతథంగా నడపాలంటే ఎకరాలు కావాలి. 2014లో రాజధాని కబురు వచ్చాక గుంటూరు, విజయవాడల మధ్య హైవే పక్కన భూమి ధర మన చేతికి అందేలా లేదు. 2020లో పంచిన పట్టా పల్లెల్లో సెంటున్నర, అంటే 72 గజాలు. పట్నాల్లో ఒక్క సెంటే. చవగ్గా దొరికే భూమి ఊరికి దూరం. కూలికి పోవాలంటే రోజూ ఆటో ఛార్జీ. పైగా ఎవరు కట్టినా కాలనీ ఊరి బయటే లేస్తుంది. ఊరికీ వాడకూ మధ్య ఉన్న గీతను కాంక్రీటు ఇంకాస్త గట్టిపరుస్తుంది. ఊరంతా ఒక్కసారే కట్టినా ఆ గీతను ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు రాదు.

ఇంటి కాగితం ఎవరి పేరున ఉండాలన్న విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ తాను కట్టించిన ఇళ్ళను ఆడవాళ్ళ పేరునే రాయించింది. ప్రభుత్వ పట్టాలూ ఇప్పుడు అలాగే వస్తున్నాయి. ఇంటి ఆడమనిషి సంతకం లేకుండా ఆ ఇల్లు తాకట్టుకు పోదు.

మిగిలింది వరస. దాన్ని మేము ఆఫీసులో రాయం. వాడలో చర్చి మెట్ల దగ్గరో వేపచెట్టు కిందో కూర్చుని, పేర్లు పైకి చదివి రాస్తాం. గొడవ ఖాయం. మొన్న ఒకామె లేచి, “ఆళ్ళబ్బాయికి ఆటో ఉంది గదండీ, ఆళ్ళకెందుకు ముందు?” అంది. వెనకనుంచి ఇంకో గొంతు, “ఆటో ఎక్కడిదే? కిస్తీ కట్టలేదని ఫైనాన్సోళ్ళు పట్టుకుపోలా?” అంది. మా సర్వే ఫారంలో ఆటో ఉంది. ఫైనాన్సువాళ్ళ సంగతి వాడకే తెలుసు. నిజం తేలడానికి ఇలాంటి సాయంత్రాలు చాలా కావాలి. ఆ సాయంత్రాలకు ఏ దాత పద్దులోనూ గడి ఉండదు.

అవి వృథా కావని మిరపకోతల రోజుల్లో తెలుస్తుంది. కొత్త గోడకు వారం పదిరోజులైనా నీళ్ళు కొట్టాలి, లేకపోతే సిమెంటు పట్టు రాదు. కోతలకు పోయిన ఆడమనిషి తెల్లవారకముందే ఆటో ఎక్కి పొద్దుగూకాక దిగుతుంది. గోడ తడిపేదెవరు? తన పేరు ఎందుకు వెనక పడిందో నలుగురిలో విని ఒప్పుకున్నవాళ్ళు బిందె పట్టుకుని పక్కింటి గోడ తడుపుతారు. పేరు ఎందుకు పోయిందో తెలియనివాళ్ళు ముఖం తిప్పుకుని పోతారు. వాళ్ళను తప్పుపట్టలేం. ఎవరో మూసిన గదిలో రాసిన వరసకు వాళ్ళెందుకు నీళ్ళు మోయాలి?

అందుకే ఈ పనిలోకి వస్తామనే కుర్రాళ్ళకు నేను ఎస్టిమేటు వేయడం తర్వాత నేర్పుతాను. ముందు జాబితా చదివే రోజున వాడలో కూర్చోబెడతాను. పేరు రానివాళ్ళకు కారణం తమ నోటితో చెప్పాలి, తిట్లు పడితే పడాలి, మరుసటి వారం మళ్ళీ అదే వాడకు వెళ్ళాలి. ఇది చేయగలిగినవాళ్ళకు సిమెంటు లెక్క నేర్పడం ఎంతసేపు? విరాళమిచ్చే పెద్దలకూ ఒక మనవి. ఎన్ని ఇళ్ళని అడగండి, తప్పులేదు. దాంతోపాటు జాబితా ఎక్కడ కూర్చుని రాశారో, పేరు రానివాళ్ళకు ఎవరు చెప్పారో కూడా అడగండి.