రాగం తెలిసిన ప్రధాన్‌జీ

'పంచాయత్' సిరీస్‌లో ఫులేరా సర్పంచి మంజూదేవి. పెత్తనం చేసేదీ, 'ప్రధాన్‌జీ' అనిపించుకునేదీ మాత్రం ఆమె భర్త బ్రిజ్‌భూషణ్ దూబే. మనకిది కొత్తేం కాదు, మహిళలకు రిజర్వయిన పంచాయతీల్లో 'సర్పంచి పతి' మన పల్లెల్లోనూ ఉన్నాడు. ఈ దూబేని విలన్ని చేయడం తేలిక, బఫూన్ని చేయడం ఇంకా తేలిక. ఆ పాత్ర వేసిన రఘుబీర్ యాదవ్ ఆ రెండు దారులూ తొక్కలేదు.

మొదటి ఎపిసోడ్‌లో పంచాయతీ ఆఫీసు తాళంచెవి పారేసుకున్నది దూబేనే. అయినా పెద్దరికం వదలడు. తడబాటంతా కళ్ళలో ఉంటుంది, గొంతులోకి రానివ్వడు. తర్వాత కొత్త కార్యదర్శికి సొరకాయ ఇస్తాడు. అది ప్రేమో, పని చేయించుకునే ఎత్తో ఆ స్వరాన్ని బట్టి చెప్పలేం. నటుడు తేల్చకుండా వదిలేశాడు కాబట్టే ఆ సొరకాయ అంత ప్రసిద్ధమైంది! మొదటి సీజన్ చివర, గణతంత్ర దినోత్సవం నాడు జిల్లా మేజిస్ట్రేట్ వచ్చి, జెండా ఎగరేయాల్సింది మీ ఆవిడ కదా అని నిలదీస్తుంది. అప్పటిదాకా ఊరంతా వినబడిన గొంతు ఒక్కసారిగా అణిగిపోతుంది. ఏడుపు లేదు, నాటకీయత లేదు. స్థాయి దించాడంతే.

స్థాయి అన్నది ఊరికే కాదు. రఘుబీర్ ముందు పాటగాడు. జబల్‌పూర్ ప్రాంతపు పల్లె కుర్రాడు ఇల్లు విడిచిపోయి, అన్నూ కపూర్ తండ్రి నడిపిన పార్సీ నాటక కంపెనీలో చేరాడు. మన సురభి వాళ్ళలా ఊరూరా తిరిగే బృందం అది, పాడలేనివాడికి అక్కడ నిలకడ కష్టం. ఆ తర్వాత నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, దాని రెపర్టరీ. 'మాస్సీ సాహిబ్' సినిమాకు 1987లో భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది.

ఈయన్ని ఇంటింటికీ తీసుకెళ్ళింది మాత్రం దూరదర్శన్. 1989లో ప్రకాశ్ ఝా తీసిన 'ముంగేరీలాల్ కే హసీన్ సప్నే'లో నోరులేని గుమాస్తా. కలలో మాత్రం మహారాజు. మనిషి మారాడని నమ్మించడానికి వేషం మార్చడమొక్కటే చాలదు, నడక మారాలి, మాట వేగం మారాలి. ముంగేరీలాల్ పేరు హిందీలో పగటి కలలకు సామెతే అయింది. తర్వాత టీవీలోనే ముల్లా నసీరుద్దీన్, చాచా చౌధరీ పాత్రలు. 'లగాన్'లో కోళ్ళు పట్టే భూరా. 'పీప్లీ లైవ్'లో ధరల మీద పాడిన పాట ఆ సినిమా కన్నా ఎక్కువ కాలం నిలిచిందంటే నేను ఒప్పుకుంటాను.

వేణువు వాయించడమే కాదు, స్వయంగా తయారు చేసుకుంటాడు కూడా. ఎక్కడ రంధ్రం వేస్తే ఏ స్వరం పలుకుతుందో చేత్తో తెలిసినవాడు డైలాగులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దర్శకుణ్ణి అడగడు.

2025లో 'పంచాయత్' తెలుగులో 'సివరపల్లి'గా వచ్చింది. సర్పంచి భర్తగా మురళీధర్ గౌడ్ ఈయన్ని అనుకరించకుండా తెలంగాణ యాసలో తన మనిషిని తాను తయారుచేసుకున్నారు. తెలివైన పని. దూబే స్వరం ఇంకొకరి గొంతులో పలకదు.