నాయకుడు లేని యుద్ధచిత్రం: రెడ్ హార్స్ బొమ్మల్లో లిటిల్ బిగ్‌హార్న్

1876 జూన్ 25న మోంటానా ప్రాంతంలోని లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున సూ, షయెన్ యోధులు అమెరికా సైన్యపు ఏడవ అశ్వికదళాన్ని ఎదుర్కొన్నారు. కస్టర్ స్వయంగా నడిపిన పటాలంలో సుమారు 210 మంది హతులయ్యారు. గెలిచినది సూ జాతివారే అయినా, లోకంలో స్థిరపడిన కథ ఓడినవారిది. 1896 నుంచి ఆన్‌హైజర్-బుష్ బీరు కంపెనీ మద్యశాలలకు పంచిన అచ్చుచిత్రంలో కస్టర్ నడుమ నిలిచి కత్తి ఝళిపిస్తుంటాడు. నిజానికి ఆనాడు ఆ దళం కత్తులు వెంట తీసుకువెళ్ళనే లేదు.

ఓడినవారికి వీరగాథ దక్కడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. బొబ్బిలి కథ ఉంది. అయితే బొబ్బిలివారు తమ కోటను కాపాడుకుంటూ నేలకొరిగారు. కస్టర్ స్త్రీలూ పిల్లలూ ఉన్న విడిదిపైకి దాడికి వెళ్ళినవాడు. ముట్టడించినవాడిని ముట్టడికి గురైనవాడిగా చూపడమే ఆ అచ్చుచిత్రం చేసిన పని.

ఆ యుద్ధంలో పాల్గొన్న మినికోంజు లకోటా నాయకుడు రెడ్ హార్స్ 1881లో గీసిన 42 బొమ్మల్లో ఇటువంటి నడిమి స్థానమే లేదు. కాగితం నిండా గుర్రాలు, వాటి డెక్కల గుర్తులు. ఒకే తీరు దుస్తుల్లో సైనికులు. ఏ ఒక్కరి చుట్టూ దృశ్యం అల్లుకోదు. అతని కథనమూ ఇంతే. స్త్రీలతో కలిసి దుంపలు తవ్వుతుండగా ధూళిమేఘం కనిపించడంతో యుద్ధం మొదలవుతుంది. ఒక సైనికాధికారి ధైర్యాన్ని మనసారా మెచ్చుకుంటాడు గాని, అతడు కస్టరే అని తేల్చి చెప్పడు.

ఈ కథనాన్ని ‘మూలవాసి స్వరం’గా నేరుగా స్వీకరించడం మాత్రం తొందరపాటే. రెడ్ హార్స్ సంజ్ఞాభాషలో చెప్పినదాన్ని ఆంగ్లంలో నమోదు చేసినవాడు సైన్యపు వైద్యుడు మెక్‌చెస్నీ. బొమ్మలు గీయమని కోరినదీ అతడే. షయెన్ రివర్ ఏజెన్సీలో, సైన్యం కనుసన్నల్లో బతుకుతున్న మనిషి ఆ సైన్యపు ఓటమిని ఆ సైన్యపు ఉద్యోగికే చెబుతున్నాడు. అధికారిని మెచ్చుకున్న మాటల్లో ఈ పరిస్థితి పాలు ఎంతో తేల్చడం కష్టం. గీతకు అనువాదకుడి అవసరం లేదు కనుక బొమ్మలదే బలమైన సాక్ష్యం.

ఆ సాక్ష్యం సౌమ్యమైనదేమీ కాదు. వివస్త్రలై, అవయవాలు తెగిన సైనికుల శవాలను రెడ్ హార్స్ దాచలేదు. తనవారి శవాలకూ కాగితాలు కేటాయించాడు. చివరి బొమ్మల్లో సూ జనం గుర్రాలపై రణభూమిని విడిచి వెళ్ళిపోతుంటారు.