సభలో పీడితుని ప్రశ్న: ద్రౌపది, కణ్ణగి

ద్రౌపది ప్రశ్నను ధర్మసూక్ష్మ చర్చగా వ్యాఖ్యానించుట మనకు వాడుక. శిలప్పదికారములోని కణ్ణగి కథను పాతివ్రత్య మహిమగా బోధించుట తమిళ సోదరులకు వాడుక. ఈ రెంటిని నేను కాదనను. కాని మదురలో స్థిరపడి యీ రెండు కథలను రెండు భాషలలో విని పెరిగిన మావంటివారికి వేఱొక ప్రశ్న తోచును: నేరమునకు గుఱియైన వానికి రాజసభలో నే స్థానము గలదు?

సభాపర్వమున ద్రౌపది ప్రాతికామి ద్వారా మొదట పంపినది మొఱ కాదు, ప్రశ్న. ధర్మరాజు తన్ను ముందోడెనా, నన్ను ముందోడెనా యని. నేటి భాషలో నిది అధికారపరిధిని గూర్చిన యాక్షేపణ. దుర్యోధనుడు బదులు చెప్పింపక, ఆమెయే వచ్చి యిచ్చట నడుగవచ్చునని దూతను మరల పంపెను. సభకు రానొల్లని దానిని వచ్చి యడుగుమనుట! పీడితుని చేతనే బరువంతయు మోయించు పద్ధతి కింతకంటె పాత యుదాహరణము నాకు తోపదు. తరువాత భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. వికర్ణు డొక్కడు లేచి యామె గెలువబడలేదని వాదించెను. కర్ణుడు వానిని పసివాడని యదలించెను. వికర్ణుని ధర్మపక్షపాతియని మెచ్చి విమర్శకులు ముందునకు సాగిపోవుదురు. నా దృష్టిలో నాతడు చేసినది వకీలు పని. అడిగిన ప్రశ్నకు సభ బదులు చెప్పవలయునని పట్టుపట్టినవా డాతడు.

తుదకు ధృతరాష్ట్రుడు దుశ్శకునములకు వెఱచి వరము లిచ్చెను. భర్తలు విడుదలైరి, ప్రశ్న మాత్ర మట్లే నిలిచెను. వరము వేఱు, తీర్పు వేఱు.

కణ్ణగి విషయ మిందుకు భిన్నము. పాండ్యుడు విచారణ లేకయే కోవలుని చంపించెను గాని, ఆమె ద్వారమున నిలిచినపుడు లోనికి రప్పించి వినెను. అందె పగులగొట్టగా మాణిక్యములు రాలెను. రాణి యందెలోనివి ముత్యములు. రాజు తన తప్పొప్పుకొని ప్రాణములు విడిచెను. వినికిడి యందినది, తీర్పందినది, కాని పోయిన ప్రాణము రాలేదు. ఆపై నామె నగరమును దహించుటను కావ్యము సమర్థించునా యనునది పెద్ద చర్చ. ఇచట దాని జోలికి పోను.

మన నేరవిచారణ స్మృతిలో పీడితు డను పదమునకు నిర్వచనము చేరినది 2008 సవరణతో. అంతవఱకు నాతడు కేవలము సాక్షి. వ్యాజ్యము రాజ్యమునకును ముద్దాయికిని నడుమ. ఆ సవరణవలన ముద్దాయి విడుదలైనపుడు పైకోర్టున అప్పీలు చేసుకొను హక్కు కలిగెను. అందుకు ముందుగా అనుమతి కోరనక్కఱలేదని 2018లో, కర్ణాటకమునుండి వచ్చిన యొక వ్యాజ్యమున, సుప్రీంకోర్టు తేల్చెను. నేరస్థుడు దొరకకున్నను న్యాయసేవాధికార సంస్థకు నష్టపరిహారమునకై దరఖాస్తు చేసుకొనవచ్చును. సంస్థ రెండు నెలలలో విచారణ ముగింపవలయును. ఇది వరము కాదు, హక్కు. 2024 జూలై 1 నుండి అమలైన నాగరిక సురక్షా సంహిత, దర్యాప్తు పురోగతిని 90 దినములలో పీడితునకు తెలుపవలయునని పోలీసుల నాదేశించినది.

వికర్ణుని స్థానము మాత్రము నేటికి నిరుకే. పీడితుడు తన వకీలును పెట్టుకొనవచ్చును గాని, ఆ వకీలు ప్రభుత్వ న్యాయవాది యదుపాజ్ఞలలో పనిచేయవలయును. సాక్ష్యము ముగిసిన పిదప కోర్టు అనుమతించినచో వ్రాతపూర్వకముగా వాదన నీయవచ్చును. ప్రభుత్వ న్యాయవాది యడుగని ప్రశ్నను తానై లేచి యడుగు స్వాతంత్ర్య మతనికి లేదు. నేరారోపణ వ్యక్తి పగగా మాఱకుండుట కీ కట్టడి యవసరమను వాదమున బలము లేకపోలేదు. కాని అడుగవలసిన ప్రశ్న అడుగబడకపోయినచో దాని కెవరు జవాబుదారి?

భాషావిషయము మనవారికి మఱియొక చిక్కు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో నింట తెలుగే యాడువాడు సాక్ష్యము తెలుగున చెప్పిన, వీలైనచో నాభాషలోనే వ్రాయవలయునని చట్టము; వీలుకానిచో కోర్టు భాషలోనికి తర్జుమా. తరువాత దాని నతనికి తెలియు భాషలో చదివి వినిపింపవలయును. వీలైనచో నను మాటయే యిక్కడ చిక్కు. చదివి వినిపించు వేళకు దినమంతయు నిలిచి యలసిన సాక్షి, సగము విని, తలయూపి, వ్రేలిముద్ర వేసి, బస్సునకై పరుగెత్తుట నేను కన్నులార చూచితిని.