పొక్కా? గొంతా?

జూపాడు బంగ్లా మండలంలో, శ్రీశైలం బ్యాక్‌వాటర్ అంచున ఉన్న పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ఒక్కటే కట్టడం. కృష్ణకు అవతల ఉపన్యాసాల్లో అది ‘పొక్క’, ఇవతలి సభల్లో ‘సీమ గొంతు తడిపే’ తూము. 2005లో జీవో 170 దాని సామర్థ్యాన్ని 11 వేల చిల్లర నుంచి 44,000 క్యూసెక్కులకు పెంచినప్పుడూ, 2020 మేలో జీవో 203 దాన్ని 80,000 చేస్తామన్నప్పుడూ జనం నోళ్లలో నానింది అంకెలు కాదు, ఈ రెండు బొమ్మలే. పొక్క ఎవరు పెడతారు? ఎలుకో, దొంగో. కడవకు పొక్క పడితే రాత్రనక పగలనక కారుతూనే ఉంటుంది. ఆ ఒక్క మాటతో విచారణకు ముందే దోషి తేలిపోయాడు. కానీ అక్కడున్నవి గేట్లు. మట్టం 841 అడుగుల కిందికి దిగితే అన్నీ ఎత్తిపెట్టినా చుక్క రాదు. 44,000 అన్నది జలాశయం నిండుగా ఉన్న రోజుల మాట.

గొంతు సంగతి ఇంకా గడుసుది. గొంతు తడవడానికి చెంబెడు నీళ్లు చాలు. 44,000 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే నాలుగు టీఎంసీలకు కాస్త తక్కువ. బానకచర్ల దగ్గర చీలి ఎస్సార్బీసీకి, తెలుగుగంగకు, గాలేరు-నగరికి వెళ్లే ఆ నీళ్లలో పైరుదే పెద్ద వాటా. పొలానికి నీళ్లడగడం తప్పేం కాదు. మరి దాహం చాటున అడగడం దేనికి? దప్పికతో ఉన్నవాణ్ని లెక్క అడగడానికి ఎవరికీ నోరు రాదు కనుక. (అచ్చంగా గొంతు కోసమే రాసుకున్న వాటా చెన్నైకి ఉంది, 15 టీఎంసీలు. ఆ నీళ్లు తీసుకెళ్లే తెలుగుగంగ పేరులో ‘గంగ’ను చేర్చి పుణ్యం కూడా కలిపారు.)

పోలిక లేకపోతే క్యూసెక్కులు ఎవరికి అర్థమవుతాయంటారు. నంద్యాల, ఆళ్లగడ్డ ఆయకట్టులో క్యూసెక్కు, టీఎంసీ ఏనాడో తెలుగు మాటలైపోయాయి. పోలిక లేని భాషే లేదు కదా అన్న రెండో వాదనకు మాత్రం బలముంది. ‘సముద్రం పాలవుతున్న నీళ్లు’ అని శీర్షిక పెట్టేవారికి అది మట్టిపాలు, దొంగలపాలు వరసలోని మాటని తట్టదు. నది సముద్రంలో కలవడమే నష్టమన్న తీర్పు అందులో ముందే ఉంది. ‘మిగులు జలాలు’ అన్నా అంతే, విస్తట్లో మిగిలిన అన్నం కళ్లముందు కదులుతుంది. వీటితో పోలిస్తే పొక్కే నయం, పోలికని పైకే కనిపిస్తుంది, కాదని పోట్లాడొచ్చు. అందుకే దాన్ని మానేయమనను. ‘పొక్క’ అన్న శీర్షిక కిందే ఆ రోజు శ్రీశైలం మట్టమెంతో, ఎన్ని గేట్లు ఎత్తారో వేయమంటాను. మట్టం 840 అడుగులున్న రోజున కూడా ‘పొక్క’ అనే అచ్చేస్తారేమో చూడాలి.