రెండు డిస్కుల పనితనం

విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాళ్ల పనితనాన్ని మెచ్చుకునేవాళ్లు తక్కువ. ఒకింట్లో కొట్టు లెక్కలకు నాన్నకి విండోస్ కావాలి, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ నుంచి సెలవులకొచ్చిన అమ్మాయికి ఉబుంటు కావాలి. ఉన్న మెషిన్ ఒక్కటే. తెలిసిన మెకానిక్ పాత డిస్కుని ముక్కలు చెయ్యడు, రెండో ఎస్ఎస్‌డీ బిగిస్తాడు. అంతకన్నా ముందు విండోస్ డిస్కు కేబుల్ పీకేస్తాడు. నాకు ముచ్చటేసేది ఆ జాగ్రత్తే. కనబడని డిస్కు జోలికి ఉబుంటు పోలేదు. బూట్‌లోడర్‌ని కొత్త డిస్కులోనే రాసుకుంటుంది. ఇన్‌స్టాల్ అయ్యాక కేబుల్ మళ్లీ తగిలించి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేస్తాడు. ఇక గడియారం. మదర్‌బోర్డులో ఉన్న టైముని విండోస్ మన టైమనుకుంటుంది, ఉబుంటు గ్రీన్‌విచ్ టైమనుకుంటుంది. వదిలేస్తే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లినప్పుడల్లా అయిదున్నర గంటల తేడా! ఒక్క కమాండ్‌తో అదీ సర్దేస్తాడు. ఆన్ చేసి ఎఫ్12 నొక్కితే (కొన్నింటికి ఎఫ్11, ఎఫ్8) రెండు పేర్లూ తెరమీదకొస్తాయి, కావలసింది ఎంచుకోవడమే. రేపు ఒక డిస్కు పాడైనా రెండోదానితో మెషిన్ నడుస్తుంది, అమ్మాయి ప్రోగ్రాములో నాన్న లెక్కలో భద్రంగా ఉంటాయి. ఇంత నేర్పుకి ఆ కుర్రాడు అడిగేది బేరమాడకుండా ఇచ్చెయ్యండి.