చీతా దుర్గతికి జన్యువులే కారణమా?

1985లో స్టీఫెన్ ఓబ్రియన్, ఆయన సహచరులు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన చీతా వ్యాసము నేటికిని పాఠములలో ఉదాహరింపబడుచున్నది. (మన చిరుతపులి వేరు, చీతా వేరు.) అంతకు రెండేండ్ల ముందే వారు 55 దక్షిణాఫ్రికా చీతాల రక్తమును పరీక్షించి, 47 జన్యుస్థానములలో ఒక్కదానియందైనను భేదము కానరాలేదనిరి. పిమ్మట బంధుత్వము లేని చీతాల చర్మపు ముక్కలను ఒకదానినుండి మరొకదానికి అతికిరి. సాధారణముగా పరాయి చర్మమును శరీరము కొద్ది దినములలోనే త్రోసివేయును; ఇచ్చట అట్లు జరుగలేదు. ఈ ప్రయోగమును నేను శంకింపను.

నా శంకయంతయు తరువాతి మెట్టును గూర్చియే. ఈ వైవిధ్యలోపమే పిల్లల మరణములకు, అంటురోగములకు మూలమని వారు సూచించిరి. వారు చూపిన సాక్ష్యము చాలవరకు మనుష్యుల సంరక్షణలో పెరిగిన చీతాలది. ఒరెగాన్‌లోని ఒక ఉద్యానమున వైరస్ వ్యాధి చెలరేగి అనేక చీతాలు చచ్చిన మాట నిజమే. కాని అడవిలో పిల్లలు దేనిచేత చచ్చుచున్నవి?

కారెన్ లారెన్సన్ సెరెంగెటి మైదానమున తల్లుల వెంట తిరిగి లెక్కగట్టెను. నూరు పిల్లలలో స్వతంత్రముగా బ్రతుకు వయస్సువరకు మిగులునవి సుమారు అయిదే! చచ్చినవానిలో అధికభాగము సింహములు మున్నగు మృగముల వాత బడినవి. పిల్లల జన్యువులు ఒక్కతీరుగ నున్నను, వేర్వేరుగ నున్నను సింహమునకు పట్టింపు లేదు. లారెన్సన్, టిమ్ కారో 1994లో ‘సైన్స్’లోనే ఈ హెచ్చరిక చేసిరి. దోషము జన్యువులదైనచో ధనమును సంతానోత్పత్తి కేంద్రములపై వెచ్చింపవలెను. సింహములదైనచో చీతా తప్పుకొని తిరుగుటకు విశాలమైన భూమి కావలెను.

2011లో నమీబియా చీతాలను పరిశీలించిన వారికి వ్యాధినిరోధక జన్యువులలోను మునుపు తలచినదానికంటె ఎక్కువ వైవిధ్యము కనబడినది.