ఫారమును జేసనును

బ్రౌజరునుండి సర్వరునకు వివరములను కొనిపోవు మార్గములలో రెండు ప్రసిద్ధములై యున్నవి: 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0 నిర్దేశమునందే స్థిరపడిన ఫారం పద్ధతి యొకటి, ఈ శతాబ్ది యారంభమున డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారమునకు దెచ్చిన జేసన్ మఱియొకటి. నేడు ఏపీఐలు వ్రాయు యువకులలో పలువురు మొదటిదానిని జీర్ణవస్తువుగా నెంచి త్యజింపజూచుచున్నారు. అది నాకు సమ్మతము కాదు. 2012లో వెలువడిన ఓఆత్ 2.0 సైతము టోకెను కోరు విన్నపము ఫారం రూపముననే రావలెనని శాసించియున్నది.

అయినను మన లిపియెడల ఆ పద్ధతి మిక్కిలి కఠినమని యొప్పుకొనవలెను. తెలుగున ప్రతి వర్ణమును, ప్రతి గుణింతపు గుర్తును యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. సాధారణ ఫారమునందు ఒక్కొక్క బైటు శాతపు గుర్తుతో గూడి మరల మూడింతలగును. కావున 'తెలుగు' అను చిన్నమాట జేసన్‌లో 18 బైట్లతో పోవునది, ఫారమునందు 54 బైట్లై పోవుచున్నది. దీర్ఘమైన తెలుగు విన్నపములను స్వీకరించు సేవకు ఇది యుపేక్షింపదగిన భారము కాదు.

ఫారముననే మల్టీపార్ట్ అను రూపాంతరమున్నది. అందు తెలుగు పాఠమునకు ఆ శిక్ష లేదు, ఛాయాచిత్రమును యథాతథముగా సాగిపోవును. అదే చిత్రమును జేసన్‌లో నిముడ్చవలెనన్న బేస్64గా మార్చి మూడవవంతు పెంచవలసియుండును. ఫైలున్నచోట నేను జేసన్‌ను కోరను.

కాని ఒక కుటుంబమును, అందలి సభ్యులను, వారి వయస్సులను ఒక్కమాఱు పంపవలసివచ్చినప్పుడు జేసన్‌కు సాటి లేదు. ఫారమునకు సర్వమును అక్షరమాలయే. గుర్తుపెట్టని చెక్‌బాక్సు అసలు ప్రయాణమే చేయదు గనుక, 'కాదు' అన్నారో, ప్రశ్నయే చూపబడలేదో సర్వరునకు దెలియదు. జేసన్ సంఖ్యను, సత్యాసత్యములను, శూన్యమును వేర్వేఱుగా జెప్పగలదు. ఆ శక్తియే యొకచో ప్రమాదహేతువు: ఖాతాసంఖ్యను సంఖ్యగా బంపినచో మొదటి సున్నలు నిలువవు, 9007199254740991ని మించినది జావాస్క్రిప్టున రూపము చెడవచ్చును. దానిని ఉద్ధరణచిహ్నముల నడుమ నుంచుటయే క్షేమము.

ఏది పంపినను కంటెంట్-టైప్ హెడరు నిజము పలుకవలెను. జేసన్‌ను బంపి పీహెచ్‌పీ పోస్టు పట్టికలో వెదకినవారికి శూన్యమే లభించును. అట్టి శూన్యమును మౌనముగా డేటాబేసున వ్రాసికొను సర్వరుకంటె, తానెఱుగని రూపమును 415 సంకేతముతో తిరస్కరించు సర్వరే పంపినవానికి మేలుచేయును. అందుచే నేను తలపెట్టు ప్రతి ఏపీఐయందును ఆ తిరస్కారమును మున్ముందు వ్రాసి, పిమ్మటనే స్వీకారమునకు బూనుకొందును.